పర్సనల్ లోన్ ముందే తీర్చేయాలా, వద్దా? లెక్క వేసి తేల్చుకునే పద్ధతి

బోనస్ చేతికొచ్చినా, చీటీ డబ్బు పడినా, ఊళ్లో స్థలం అమ్మిన వాటా అందినా చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: "ఉన్న పర్సనల్ లోన్ క్లోజ్ చేసేయమంటారా?" పక్కనున్నవాళ్లు రెండు రకాల సలహాలిస్తారు. ఒకరు అప్పు ఎప్పుడైనా అప్పే, తీర్చి పారేయమంటారు. ఇంకొకరు వడ్డీ అంతా బ్యాంకు మొదట్లోనే లాగేసుకుంది, ఇప్పుడు కట్టి లాభమేంటంటారు. ఈ రెండింటిలో ఏదీ లెక్క వేసి చెప్పింది కాదు. లెక్కకు పావుగంట చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- శాంక్షన్ లెటర్, దానితో ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (కేఎఫ్‌ఎస్). 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నింటికీ బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలు) ఇది ఇవ్వాల్సిందే. అంతకుముందు తీసుకున్న లోన్ అయితే అగ్రిమెంట్ కాపీ.
- రీపేమెంట్ షెడ్యూల్. ఏ నెల కిస్తీలో అసలెంత, వడ్డీ ఎంత అని ఉండే పట్టిక. యాప్‌లో దొరకకపోతే బ్రాంచికి మెయిల్ పెట్టండి.
- మీ ఎఫ్‌డీ రేటు, మీ ఆదాయపు పన్ను స్లాబ్.
- ఇంట్లో ఉన్న మిగతా అప్పుల జాబితా. చేబదుళ్లతో సహా.

1. ఇంతకంటే ఖరీదైన అప్పు ఉందేమో చూడండి

పర్సనల్ లోన్ 14 శాతమని బాధపడుతూ, క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ కడుతూ ఉంటారు కొందరు. కార్డు బాకీ మీద నెలకు 3.5% పడుతుంటే ఏడాదికి 42%. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24%, మూడు రూపాయలంటే 36%. ఇవి ఉంటే చేతిలోని డబ్బు ముందు వాటికే పోవాలి. బ్యాంకు నుంచి మెసేజ్‌లు వస్తుంటాయి కాబట్టి పర్సనల్ లోన్ కళ్లముందు కనిపిస్తుంది, చేబదులు కనిపించదు. అంతే తేడా.

లోన్ తీర్చాక కూడా కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు చేతిలో మిగలాలి. జీతం నిలకడ లేనివాళ్లకు, వ్యాపారం చేసేవాళ్లకు ఆరు నెలలది. ఉన్నదంతా ఊడ్చి కట్టేశాక ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే మళ్లీ కొత్త లోన్, కొత్త ప్రాసెసింగ్ ఫీజు. ఈసారి రేటు ఎక్కువ ఉండొచ్చు కూడా.

2. మీ లోన్ అసలు రేటు తెలుసుకోండి

"ఎనిమిది శాతమేనండీ" అని ఇచ్చిన లోన్ నిజంగా ఎనిమిది శాతం కాకపోవచ్చు. ఫ్లాట్ రేటులో మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. 5 లక్షలకు 8% ఫ్లాట్, ఐదేళ్లు అనుకోండి. వడ్డీ 2 లక్షలు, కిస్తీ రూ.11,667. అదే 5 లక్షలకు తగ్గే బాకీ మీద, అంటే ఏ నెలకానెల మిగిలిన అసలు మీదే, 14% అయితే కిస్తీ రూ.11,634. అంటే రెండూ దాదాపు ఒకటే లోన్.

కేఎఫ్‌ఎస్‌లో ఏపీఆర్ (ఏడాదికి అప్పు మొత్తం ఖర్చు) అని ఒక శాతం ఉంటుంది. అందులో ప్రాసెసింగ్ ఫీజు కూడా కలుస్తుంది. ముందే తీర్చే లెక్కకు దాన్ని వాడకండి, ఎందుకంటే ఆ ఫీజు ఎప్పుడో కట్టేశారు, తిరిగి రాదు. ఇక్కడ కావాల్సింది తగ్గే బాకీ మీద వేసే వార్షిక వడ్డీ రేటు. షెడ్యూల్‌లో ఏదో ఒక నెల వడ్డీని ఆ నెల మొదట్లో ఉన్న బాకీతో భాగించి, 1200తో హెచ్చిస్తే ఆ రేటు వచ్చేస్తుంది.

3. ప్రీక్లోజర్ ఛార్జీ ఎంతో కాగితం మీద చూడండి

గడువుకు ముందే లోన్ తీర్చినందుకు వేసే ఈ ఛార్జీ చాలా పర్సనల్ లోన్లకు మిగిలిన అసలు మీద 2 నుంచి 5% దాకా ఉంటుంది. దాని మీద 18% జీఎస్‌టీ అదనం. 4% అని రాసి ఉంటే మీ జేబులోంచి పోయేది 4.72%. మొదటి 6 లేదా 12 కిస్తీలు కట్టేదాకా క్లోజ్ చేయనివ్వని లాక్ఇన్ షరతు కూడా ఉండొచ్చు.

2025 జూలై 2న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల గురించి సగం తెలిసి బ్రాంచిలో గొడవ పడేవాళ్లున్నారు. వ్యక్తులు వ్యాపారేతర అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే వడ్డీ రేటు) లోన్ల మీద ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదు, లాక్ఇన్ పెట్టకూడదు. డబ్బు ఎక్కడినుంచి తెచ్చారన్నది కూడా అడ్డు కాదు. అయితే ఇది 2026 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ మంజూరైన లేదా రెన్యూవల్ అయిన లోన్లకు. పర్సనల్ లోన్లలో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ రేటువి. మీది ఫిక్స్‌డ్ అయితే ఒప్పందంలో ఒప్పుకున్న ఛార్జీ కట్టక తప్పదు. కేఎఫ్‌ఎస్‌లో "ఫిక్స్‌డ్" అని ఉందో "ఫ్లోటింగ్" అని ఉందో ముందు చూసుకుని, తర్వాతే మాట్లాడండి. కేఎఫ్‌ఎస్‌లో ఎక్కడా లేని ఛార్జీ ఇప్పుడు కొత్తగా అడిగితే మాత్రం గట్టిగా నిలదీయొచ్చు.

యాప్‌లో తీసుకున్న డిజిటల్ లోన్ అయితే, తీసుకున్న ఒకటి రెండు రోజుల్లోనే మనసు మారితే వెంటనే కేఎఫ్‌ఎస్‌లో కూలింగ్ ఆఫ్ గడువు చూడండి. ఆ గడువులోపు అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. గడువు కనీసం ఒక రోజు ఉంటుంది.

4. లెక్క

అందరూ చేసే లెక్క ఇది: "ఇంకా 36 కిస్తీలున్నాయి, అందులో వడ్డీ 78 వేలు, ఛార్జీ 16 వేలు, కాబట్టి 62 వేలు మిగులు." ఇది తప్పు. ఆ డబ్బు లోన్‌కు కట్టకపోతే ఎఫ్‌డీలో ఉండి ఎంతోకొంత తెచ్చేది కదా. ఆ రాబడి ఇందులో లెక్కకు రాలేదు.

సరైన జవాబుకు చాలా దగ్గరగా వచ్చే సూత్రం:

లాభ శాతం = (లోన్ రేటు − పన్ను పోగా ఎఫ్‌డీ రేటు) × (మిగిలిన కిస్తీలు + 1) ÷ 24 − జీఎస్‌టీతో కలిపి ఛార్జీ శాతం

వచ్చిన శాతాన్ని మిగిలిన అసలుతో హెచ్చిస్తే ఈనాటి రూపాయల్లో మీ లాభం. మైనస్ వస్తే తీర్చకండి.

పైన చెప్పిన లోన్‌నే తీసుకుందాం. 5 లక్షలు, 14%, 60 నెలలు, కిస్తీ రూ.11,634, ఛార్జీ 4%. మీ ఎఫ్‌డీ 7%, మీరు 20% స్లాబ్‌లో ఉంటే సెస్‌తో 20.8% పన్ను పోగా మిగిలేది సుమారు 5.5%. రేట్ల తేడా 8.5.

రెండేళ్లు కట్టారు, 36 కిస్తీలు మిగిలాయి. బాకీ అసలు రూ.3,40,402. 8.5 × 37 ÷ 24 = 13.1. అందులో 4.72 తీసేస్తే 8.4%. అంటే సుమారు రూ.28,600. నెలనెలా పైసా పైసా లెక్కేసినా రూ.28,800 వస్తుంది, ఇంత దగ్గర. 62 వేలు అనుకున్నది 29 వేలకు దిగింది. అయినా మంచి లాభమే, తీర్చండి.

అదే లోన్ మిగతా దశల్లో:

- 48 కిస్తీలు మిగిలితే: బాకీ రూ.4,25,745. ఛార్జీ రూ.20,095. నికర లాభం సుమారు రూ.54,400.
- 24 మిగిలితే: బాకీ రూ.2,42,312. ఛార్జీ రూ.11,437. లాభం సుమారు రూ.10,000.
- 12 మిగిలితే: బాకీ రూ.1,29,575. ఛార్జీ రూ.6,116. మిగిలిన వడ్డీ మొత్తం రూ.10,035. పైకి రూ.3,900 మిగులుతున్నట్టే ఉంటుంది, ఎఫ్‌డీ రాబడి కూడా లెక్కలోకి తెస్తే రూ.150 నష్టం.

చివరి ఏడాదిలో ఛార్జీ కట్టి మరీ లోన్ మూసేస్తే బ్యాంకుకే మేలు. ఛార్జీ లేకపోతే మాత్రం చివరి నెలల్లో కూడా తీర్చొచ్చు, కొద్దిగానైనా మిగులుతుంది.

మీ లోన్‌కు ఆ గీత ఎక్కడుందో తెలియాలంటే ఛార్జీ శాతాన్ని 24తో హెచ్చించి, రేట్ల తేడాతో భాగించి, ఒకటి తీసేయండి. 4.72 × 24 ÷ 8.5 − 1 = 12.3 నెలలు. లోన్ 11 శాతానిదే అయితే రేట్ల తేడా 5.5కు పడిపోతుంది కాబట్టి గీత 19 నెలలు దాటి 20 దగ్గర పడుతుంది. అంతకంటే తక్కువ కిస్తీలు మిగిలితే అలాగే కట్టుకుంటూ పోండి.

"వడ్డీ అంతా మొదట్లోనే లాగేశారు" అన్న మాటలో నిజమెంతో ఈ అంకెల్లోనే ఉంది. మొదటి ఏడాది కట్టిన రూ.1,39,610లో వడ్డీ రూ.65,355. ఆఖరి ఏడాది అంతే మొత్తంలో వడ్డీ రూ.10,035. బ్యాంకు ముందుగా లాగిందేమీ లేదు. బాకీ ఎక్కువ ఉన్నప్పుడు వడ్డీ ఎక్కువ, అంతే. కానీ ఫలితం మాత్రం ఆ మాట చెప్పేవాళ్లకు అనుకూలంగానే ఉంటుంది: ఆలస్యమయ్యేకొద్దీ మిగిలేది తగ్గుతుంది.

5. డబ్బు ఎక్కడినుంచి తెస్తున్నారు?

సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉంటే సూత్రంలో ఎఫ్‌డీ రేటు స్థానంలో 2.5 లేదా 3 పెట్టండి. తీర్చడం ఇంకా లాభం.

ఎఫ్‌డీ విరిచి కడుతుంటే ముందుగా తీసినందుకు పడే కోత చూడండి. సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం దాకా వడ్డీ తగ్గిస్తారు. నెల రెండు నెలల్లో మెచ్యూర్ అయ్యే ఎఫ్‌డీని విరవకుండా ఆగితే మంచిది.

బంగారం పెట్టి తీర్చాలనుకుంటే ఎఫ్‌డీ రేటు స్థానంలో గోల్డ్ లోన్ రేటు వేసి అదే సూత్రం చూడండి. 14% అప్పు 9.5% అప్పుగా మారితే తేడా 4.5. 36 నెలలు మిగిలి ఉంటే 6.9 − 4.72, అంటే 2.2%. మూడు లక్షల నలభై వేల మీద ఏడెనిమిది వేలు. గోల్డ్ లోన్‌కు అప్రైజర్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు పోతే ఇంకా తగ్గుతుంది. పైగా పర్సనల్ లోన్ కిస్తీ తప్పితే క్రెడిట్ స్కోరు పోతుంది, గోల్డ్ లోన్ తప్పితే నగ వేలానికి పోతుంది. అంత చిన్న లాభానికి ఆ రిస్కు మేమైతే తీసుకోమనం. ఛార్జీ లేని లోన్ అయితే ఆలోచించొచ్చు.

చీటీ పాడి తీర్చేవాళ్లు పాటలో పోగొట్టుకున్నది కూడా వడ్డీ కిందే లెక్క వేయండి. మొదటి నెలల్లో భారీగా తగ్గించి పాడితే, పర్సనల్ లోన్ వడ్డీని మించి పోతుంది. చివరి నెలల్లో వచ్చిన చీటీ అయితే నిరభ్యంతరంగా వాడొచ్చు.

పీఎఫ్ జోలికి వెళ్లొద్దు. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25%. కాగితం మీద 14 కంటే తక్కువే, కానీ రిటైర్మెంట్ డబ్బు ఒకసారి బయటికొస్తే తిరిగి అక్కడికి వెళ్లదు.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో ఉన్న డబ్బు సంగతి వేరు. అక్కడ వచ్చేది ఖాయం కాదు, లోన్ వడ్డీ ఖాయం. 14% లోన్ తీర్చడమంటే ఆ మేరకు పన్ను లేని ఖాయమైన రాబడి.

ఒక మినహాయింపు. ఏడాదిలోపు ఇంటి లోన్‌కు వెళ్లబోతున్నారా? అయితే లెక్కలో కొద్దిగా నష్టం వచ్చినా పర్సనల్ లోన్ మూసేయడమే నయం. బ్యాంకు మీ జీతంలోంచి ఉన్న కిస్తీలు తీసేసి అర్హత చూస్తుంది. 8.5%కి 20 ఏళ్ల ఇంటి లోన్‌లో లక్షకు కిస్తీ రూ.868. మీ రూ.11,634 కిస్తీ పోతే అర్హత దాదాపు 13 లక్షలు పెరుగుతుంది.

6. మొత్తం కట్టలేకపోతే పార్ట్ పేమెంట్

36 కిస్తీలు మిగిలినప్పుడు లక్ష కట్టారనుకోండి. బాకీ రూ.2,40,402కు దిగుతుంది. ఇప్పుడు బ్యాంకు రెండు దారులు చూపొచ్చు.

కిస్తీ అలాగే ఉంచి నెలలు తగ్గించుకుంటే 36 కాస్తా 24 అవుతాయి, ఆఖరిది చిన్న కిస్తీ. వడ్డీలో తగ్గేది సుమారు రూ.42,100. నెలలు అలాగే ఉంచి కిస్తీ తగ్గించుకుంటే కిస్తీ రూ.8,216, తగ్గే వడ్డీ రూ.23,000. జీతం భరోసాగా ఉన్నవాళ్లు మొదటిది ఎంచుకోండి. నెలాఖరుకు ఇబ్బంది పడేవాళ్లు రెండోది ఎంచుకున్నా తప్పు లేదు, నెలకు రూ.3,400 ఊపిరి దొరుకుతుంది. మీరు అడగకపోతే ఏది వర్తింపజేయాలో బ్యాంకే తేల్చేస్తుంది కాబట్టి ఫారంలో స్పష్టంగా రాయండి.

పార్ట్ పేమెంట్‌కు కూడా ఛార్జీ ఉండొచ్చు. ఏడాదికి ఇన్నిసార్లే, బాకీలో ఇంత శాతమే అన్న పరిమితులు కూడా ఉంటాయి. బాకీలో కొంత శాతం వరకు ఛార్జీ లేకుండా కట్టనిస్తే అదే అన్నిటికంటే చవక దారి. ఏడాదికోసారి ఆ పరిమితి మేరకు కట్టుకుంటూ పోతే ప్రీక్లోజర్ ఛార్జీ సంగతే రాదు.

7. క్లోజ్ చేసే పద్ధతి

తేదీ ముఖ్యం. కిస్తీ కట్ అయిన రెండు మూడు రోజులకు వెళ్లండి. కిస్తీ తేదీకి ముందు వారంలో క్లోజ్ చేస్తే, అప్పటికే ఎన్‌ఏసీహెచ్ (ఖాతాలోంచి కిస్తీ దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) ద్వారా డెబిట్‌కు పంపేసి ఉంటారు. లోన్ మూసేశాక కూడా ఒక కిస్తీ కట్ అవుతుంది, వాపసు కోసం తిరగాలి. పై ఉదాహరణలో బాకీ మీద రోజుకు దాదాపు రూ.130 వడ్డీ నడుస్తుంది కాబట్టి మరీ ఆలస్యం కూడా వద్దు.

ముందు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకోండి. అందులో అసలు, ఆ తేదీ వరకు వడ్డీ, ఛార్జీ, జీఎస్‌టీ, పాత బౌన్స్ ఛార్జీలు ఏమైనా ఉంటే అవి విడివిడిగా ఉండాలి. ఒక్క మొత్తం రాసి ఇస్తే విడదీసి అడగండి. ఏ తేదీ వరకు చెల్లుతుందో చూడండి. అసలు మీ షెడ్యూల్‌తో సరిపోవాలి. వేలల్లో తేడా ఉంటే కట్టడం ఆపి కారణం అడగండి.

ఈ దశలో మీకు ఫోన్ వస్తుంది. "సార్, క్లోజ్ ఎందుకు, టాప్‌అప్ ఇస్తాం, రేటు తగ్గిస్తాం" అంటారు. రేటు తగ్గింపు రాతపూర్వకంగా ఇస్తే మళ్లీ నాలుగో దశలో లెక్క వేయండి. టాప్‌అప్, అంటే ఉన్న లోన్ మీద ఇంకొంత అప్పు, అయితే వద్దనండి.

డబ్బు బ్యాంకు పేరు మీద డీడీగా గానీ, స్టేట్‌మెంట్‌లో ఇచ్చిన ఖాతాకు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో గానీ, బ్యాంకు సొంత యాప్‌లో గానీ కట్టండి. డీడీ వెనక లోన్ ఖాతా నంబర్ రాయండి. ఏజెంట్ సొంత యూపీఐ నంబర్‌కు రూపాయి కూడా పంపొద్దు, ఎంత తగ్గిస్తానన్నా సరే.

లోన్‌తో పాటు ఏకమొత్తంగా ప్రీమియం కట్టించుకుని ఇన్సూరెన్స్ ఇచ్చారేమో చూడండి. ఉంటే మిగిలిన కాలానికి ఎంత తిరిగొస్తుందో పాలసీ కాగితంలో సరెండర్ నిబంధన దగ్గర ఉంటుంది. అడిగితేనే ఇస్తారు. చాలామంది ఈ డబ్బు వదిలేస్తున్నారు.

8. నిజంగా మూతపడిందా?

- లోన్ ఖాతా స్టేట్‌మెంట్‌లో బాకీ సున్నా. పదిహేడు రూపాయలు మిగిలినా ఖాతా తెరిచే ఉంటుంది, దాని మీద పెనాల్టీలు పెరుగుతాయి.
- ఎన్‌ఓసీ లేదా నో డ్యూస్ లెటర్ (బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం), లోన్ నంబర్‌తో, తేదీతో.
- ఎన్‌ఏసీహెచ్ మాండేట్ రద్దు. మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకు యాప్‌లో కూడా చూసుకోండి.
- ముందే ఇచ్చిన ఖాళీ చెక్కులు వాపసు.
- నెలన్నర తర్వాత క్రెడిట్ రిపోర్ట్. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలి. అక్కడ "క్లోజ్డ్" అని ఉండాలి. "సెటిల్డ్" అని ఉంటే మీరు పూర్తిగా కట్టలేదని అర్థం, తర్వాతి లోన్‌కు అదే అడ్డం పడుతుంది.

తప్పుంటే ఎన్‌ఓసీ జతచేసి బ్యూరో వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు రూ.100 పరిహారం మీ హక్కు. బ్యాంకు ఎన్‌ఓసీ ఇవ్వకుండా తిప్పుతుంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఆర్‌బీఐ సంప్రదింపు నంబర్ 14448.

క్లోజ్ చేసిన వెంటనే స్కోరు కొద్దిగా తగ్గితే కంగారు పడకండి, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

లోన్ ఖాతాలోకి అదనంగా డబ్బు వేసేసి, అసలు తగ్గిందనుకోవడం. చాలాచోట్ల ఆ డబ్బు అదనపు జమగా పడి ఉంటుంది, వడ్డీ మాత్రం పాత బాకీ మీదే నడుస్తుంది. "పార్ట్ పేమెంట్" అని రిక్వెస్ట్ పెట్టి, కొత్త షెడ్యూల్ వచ్చేదాకా వదలొద్దు.

లోన్‌ను ఇంకో బ్యాంకుకు మార్చుకుంటే సరిపోతుందనుకోవడం. పాత బ్యాంకు ప్రీక్లోజర్ ఛార్జీ, కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు రెండూ కలిపి సూత్రంలో ఛార్జీ దగ్గర పెట్టి, ఎఫ్‌డీ రేటు స్థానంలో కొత్త లోన్ రేటు వేయండి. కాలవ్యవధి మళ్లీ ఐదేళ్లకు సాగదీస్తే రేటు తగ్గినా మొత్తం వడ్డీ పెరుగుతుంది.

ఇంటి నిర్మాణానికి వాడిన పర్సనల్ లోన్‌ను మామూలు లోన్‌లాగే లెక్కేయడం. పాత పన్ను విధానంలో ఉండి, ఖర్చుకు రుజువులు ఉండి, ఆ వడ్డీకి మినహాయింపు తీసుకుంటున్నవాళ్లకు అసలు భారం 14% కంటే తక్కువ. సూత్రంలో ఆ తగ్గిన రేటు వేయాలి.

ఎన్‌ఓసీని ఫోన్‌లో ఫొటో తీసి ఊరుకోవడం. మూడు నాలుగేళ్లకు బాకీ ఉందంటూ ఏ రికవరీ ఏజెన్సీ నుంచో ఫోన్ వస్తే చూపించాల్సింది అదే. ఒరిజినల్ ఫైల్‌లో పెట్టి, స్కాన్ కాపీ మెయిల్‌కు పంపుకోండి. దాంతోపాటు చివరి చెల్లింపు రసీదు, సున్నా బాకీ స్టేట్‌మెంట్ కూడా.